కాకినాడ పురపాలక సంఘానికి 160 ఏళ్లు: మా పేటవారి కథలతో వేడుక ఎలా జరపాలి?

ప్రశ్న: జగన్నాథపురం నివాసి

పెద్దలందరికీ నమస్కారం. కాకినాడ పురపాలక సంఘం 1866లో ఏర్పడి, 2004లో నగరపాలక సంస్థగా మారింది. ఆ లెక్కన ఈ సంవత్సరంతో 160 ఏళ్లు నిండుతాయి. ఈ సందర్భంగా మా వీధిలోని పది పన్నెండు కుటుంబాలవారం కలిసి, ఉప్పుటేరుకు ఇవతల మా పేటలోనే మూడు సాయంత్రాలపాటు వేడుక జరపాలని సంకల్పించాము. దీపతోరణాలు, శాలువాలు, అధ్యక్షోపన్యాసాలు మాకు అక్కర లేదు. ఇక్కడ పుట్టి పెరిగినవారు, బతుకుతెరువు కోసం వచ్చి స్థిరపడినవారు తమ నోట చెప్పే సంగతులను సేకరించి, వాటిని ఏదైనా కళారూపంలో మళ్లీ వారి ఎదుటే ప్రదర్శించాలన్నది మా కోరిక.

మొదటి ప్రయత్నంలోనే మాకు ఇబ్బంది ఎదురైంది. ఆరుగురు పెద్దవారి దగ్గరికి వెళ్లి, సెల్‌ఫోను ఎదురుగా పెట్టి, "కాకినాడ గురించి చెప్పండి" అని అడిగితే, అందరూ ఒకే పాఠం అప్పజెప్పినట్లు కాజా గురించి, తిన్నని వీధుల గురించి, 1923 కాంగ్రెసు మహాసభ గురించి, పింఛనుదారుల స్వర్గమన్న పేరు గురించి చెప్పారు. అవన్నీ నిజాలే కాని, వాటిలో చెప్పినవారు ఎక్కడా లేరు. ఒక మామ్మగారు మాత్రం మేము ఫోను జేబులో పెట్టుకుని లేచాక, గుమ్మం దాకా సాగనంపుతూ, "మా నాన్న పడవలో ధాన్యం తెచ్చేవాడు బాబూ, నేను ఆ బస్తాల మీదే పడుకుని ధవళేశ్వరం నుంచి వచ్చేదాన్ని" అన్నారు. ఆ ఒక్క మాట ముందు అంతకుముందు గంటసేపు రికార్డు చేసినదంతా వెలవెలబోయింది. ఇటువంటి మాటలు రావాలంటే ఎలా అడగాలి? వచ్చినవాటిని ఏ కళారూపంలో చూపిస్తే బాగుంటుంది? అనుభవమున్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం 1: విశ్రాంత ఉపాధ్యాయుడు, రామారావుపేట

బాబూ, ఊరు గురించి అడిగితే ఊరి గురించి తాము చదివినదీ విన్నదీ చెబుతారు. ఇంట్లో ఉన్న వస్తువు గురించి అడిగితే తమ గురించి చెబుతారు. నేను పిల్లలచేత చరిత్ర పాఠానికి ఇంటి పెద్దలతో మాట్లాడించిన రోజుల్లో నేర్చుకున్నది ఇదే.

మా ఇంటి సంగతే చెబుతాను. మా అమ్మమ్మ మంచం కింద ఒక టేకు పెట్టె ఉండేది. మూలలకు ఇత్తడి రేకులు కొట్టి ఉండేవి, మూత తీస్తే కర్పూరమూ పాత కాగితమూ కలిసిన వాసన వచ్చేది. దాన్ని మేము "రంగం పెట్టె" అనేవాళ్లం. రంగం అంటే రంగూన్ అని నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు. ఆ రోజుల్లో మన రేవు నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లి, అక్కడి ధాన్యం మిల్లుల్లోనూ రేవుల్లోనూ పనిచేసినవారు ఎందరో ఉండేవారు. కాకినాడకు దగ్గరలోని కోరంగి రేవు వైపు నుంచి వచ్చినవారు కనుక తెలుగువారిని అక్కడ కోరంగీలు అని పిలిచేవారు. 1942లో జపాను సైన్యం బర్మాలో ప్రవేశించినప్పుడు అడవిదారుల వెంట నడిచి ఇండియా చేరినవారిలో మా తాతగారు ఒకరు. అదే సంవత్సరం ఏప్రిల్ 6న జపాను విమానాలు కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి. మీ యుద్ధకాలపు అనుభవాలు చెప్పమని అడిగి ఉంటే మా అమ్మమ్మ నాకేం తెలుసునని తప్పించుకునేది. పెట్టె ఎక్కడిదని అడిగితే మాత్రం, భర్త అక్కడ నడకలో ఉండగా తాను ఇక్కడ చంకలో బిడ్డతో పట్నం వదిలి పల్లెకు పరుగెత్తిన రోజు దాకా చెప్పింది.

కనుక పెట్టెనో, పడవ తెడ్డునో, పెళ్లి ఫోటోనో, ఆఖరికి రేషను కార్డునో చేతికిచ్చి మాట్లాడించండి. సంవత్సరం తప్పు చెబితే మధ్యలో అడ్డుపడి సరిదిద్దవద్దు. సరైన తేదీని మీ పుస్తకంలో పక్కన రాసుకుంటే చాలు. మరొక మాట, కేవలం ఎనభై ఏళ్లవారి దగ్గరికే వెళ్లకండి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను నాటికి పదేళ్లున్న పిల్లలకు ఇప్పుడు సుమారు నలభై ఏళ్లు. ఆ రాత్రి తలుపుకు రోకలి అడ్డం పెట్టి దాన్ని పట్టుకుని కూర్చున్నవారు, తెల్లవారాక కొబ్బరితోటలన్నీ నేలకొరిగి ఉండటం చూసినవారు మీ వీధిలోనే ఉంటారు. వారిని ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు.

సమాధానం 2: కోరంగి ప్రాంతవాసి

సంకల్పం మంచిదే, అయితే 1866 అన్నది కాగితం మీద పురపాలక సంఘం పుట్టిన ఏడే గాని ఊరు పుట్టిన ఏడు కాదని మనవి చేస్తున్నాను. మీ జగన్నాథపురమే 1825 దాకా డచ్చివారి చేతిలో ఉండేది. 1839 ఉప్పెన దెబ్బతీయకముందు ఈ తీరంలో పెద్ద రేవు, నౌకల మరమ్మతు జరిగే చోటు మా కోరంగి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తై కాలువలు వచ్చాక, ఆ తరువాత అమెరికా అంతర్యుద్ధ కాలంలో పత్తి ఎగుమతి పెరిగాక, వ్యాపారం కాకినాడ రేవు వైపు మళ్లింది. ఒక రేవు క్షీణించడం కూడా మీ నగరం ఎదగడంలో భాగమే కనుక, మీ మూడు సాయంత్రాలలో ఒక అరగంటైనా కోరంగివారికి కేటాయించవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం 3: జానపద కళాకారుడు, సామర్లకోట

మీ రెండవ ప్రశ్నకు నాకు తెలిసినంతవరకు చెబుతాను. కొత్త నాటకం రాయించి, వచ్చీరాని వేషాలు కట్టించి హడావుడి పడనవసరం లేదు. మీకు దగ్గరలోనే మాధవపట్నంలో తరతరాలుగా తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలున్నాయి. తెల్లని తెర వెనుక దీపం పెట్టి, రంగులద్దిన మేకతోలు బొమ్మలతో రామాయణ భారత కథలు ఆడతారని అందరికీ తెలుసు. ఆ కథల నడుమ కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు అనే హాస్యపు బొమ్మలు వచ్చినప్పుడు ఏం జరుగుతుందో గమనించండి. రాముడి కథ కాసేపు ఆగుతుంది, తెర మీదికి ఆ ఊరి మాటే వస్తుంది. చెరువు ఎండిపోయిన సంగతి, సంతలో ధరలు, ఇంట్లో మొగుడూ పెళ్లాల తగవు, అన్నీ వారి నోట వినిపిస్తాయి. మన పెద్దలు ఊరివారి కథకు ఆటలోనే చోటు పెట్టి ఉంచారు. మీరు సేకరించిన మాటలను ఆ చోట పెడితే అతుకు కనిపించదు. బంగారక్క "మా ఆయన రంగం వెళ్లాడమ్మా" అన్న క్షణంలో, మాస్టారుగారి అమ్మమ్మగారి వంటివారి కథంతా జనానికి కళ్ల ముందు కదులుతుంది.

బుర్రకథ కూడా ఇందుకు అనువైనదే. అందులో కథకుడికి ఇరువైపులా డక్కీలతో నిలబడే వంతలలో ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం చెబుతారు కనుక, రేవు కూలీల బతుకు, కాలువ పన్నులు వంటి విషయాలను అడగవలసినవారే అడిగినట్లు ఉంటుంది. అయితే రెండూ ఒకే రోజు పెట్టకండి.

కళాకారుల విషయంలో ఒక విన్నపం. ప్రదర్శనకు కనీసం నెల ముందు వారికి ఆ కథలు వినిపించండి, చదవమని కాగితం ఇవ్వడం చాలదు. కొత్త బొమ్మ కావాలంటే తోలు శుభ్రం చేసి, ఆరబెట్టి, గీసి, చిల్లులు పొడిచి, రంగులు వేయాలి, అది ఒక్క పూటలో అయ్యే పని కాదు. పది నిమిషాలలో ముగించమని మాత్రం దయచేసి చెప్పవద్దు. రాత్రంతా ఆడే విద్యను పది నిమిషాలకు కుదించమనడం మాకు చాలా కష్టంగా ఉంటుంది. పారితోషికం ఎంతో ముందే మాట్లాడుకుని, ఆట ముగిసిన రాత్రే చేతిలో పెట్టండి.

సమాధానం 4: ఉప్పాడ దగ్గరి మత్స్యకార కుటుంబం

పై మాటలన్నీ బాగున్నాయి. మా అమ్మకు జరిగినది కూడా చెబితే మీకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. కొన్నేళ్ల క్రితం ఒక సంస్థవారు ఇలాగే కథలు సేకరిస్తున్నామని వచ్చి, అమ్మతో రెండు గంటలు మాట్లాడి, చేపల తట్ట పక్కన నిలబెట్టి ఫోటో తీసుకుని వెళ్లారు. ఆ తరువాత వారి సభలో పెద్ద ఫ్లెక్సీ మీద ఆ ఫోటో వేసి, కింద "నిరుపేద మత్స్యకార మహిళ" అని రాశారు. మా అమ్మ ముప్పై ఏళ్లు రేవులో వేలంపాట పాడి చేపలు కొని, కాకినాడ సంతలో అమ్మి, ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లు అప్పు లేకుండా చేసిన మనిషి. ఆమె ఆ రెండు గంటలూ చెప్పింది అదే. అందులో ఒక్క ముక్క కూడా ఆ ఫ్లెక్సీ మీద లేదు. అది చూసి వచ్చిన రోజు ఆమె అన్నం తినలేదు.

అందువల్ల, మీరు తయారు చేసినదానిని ముందుగా చెప్పినవారికే చదివి వినిపించండి, బొమ్మలాట అయితే వారికే ముందు ఆడి చూపించండి. ఇది వద్దు అంటే తీసివేయండి, కారణం అడగకండి. పేరు వేయాలో వద్దో, ఏమని వేయాలో వారినే అడగండి. ప్రదర్శన నాడు మొదటి వరుస కుర్చీలు వారికే ఉంచండి.

ప్రశ్న అడిగినవారి జవాబు: జగన్నాథపురం నివాసి

అందరికీ కృతజ్ఞతలు. కోరంగి పెద్దల కోరిక ప్రకారం మొదటి సాయంత్రం అక్కడివారితోనే మొదలుపెడుతున్నాము. తోలుబొమ్మలాటకు మూడవ రాత్రి మొత్తం కేటాయించాము, కళాకారులతో మాట్లాడాము. ఉప్పాడ నుంచి రాసిన అమ్మాయిగారూ, మీ అమ్మగారికి మా అందరి తరఫున నమస్కారం చెప్పండి. మీరు చెప్పిన నియమాలను పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాము.

నిన్న సాయంత్రం ఆ మామ్మగారి ఇంటికి మళ్లీ వెళ్లాను. ఈసారి ఊరి సంగతి ఎత్తకుండా, "మీ నాన్నగారి పడవ ఎలా ఉండేది?" అని మాత్రం అడిగాను. గాలి ఉన్నప్పుడు తెరచాప ఎత్తేవారట, లేనప్పుడు కాలువ గట్టు మీద తాడుతో లాగేవారట. లాకు దగ్గర పడవ ఆగితే, నీళ్లు సమం అయ్యేలోగా గట్టు మీదే మూడు రాళ్లు పెట్టి అన్నం వండుకునేవారట. తాడు ఒరుసుకుని తన తండ్రి భుజం చర్మం చెప్పుతోలులా గట్టిపడిందని, చిన్నప్పుడు తాను దానిమీద వేలితో గీస్తే ఆయనకు తెలిసేది కాదని చెప్పారు. ఇదంతా బొమ్మలాటలో పెడతామని, మీకు ముందుగా చూపిస్తామని చెప్పాను. ఆవిడ కొంతసేపు ఆలోచించి, "మా నాన్న ఎడమ భుజంతో లాగేవాడు. బొమ్మకు కూడా తాడు ఎడమ భుజం మీదే ఉండాలని వాళ్లకు చెప్పు" అన్నారు. ఈ రోజు ఉదయమే మాధవపట్నానికి ఫోను చేసి చెప్పాను.