పది అడుగుల గదిలో టేకు కళ ఉన్న ఆఫీసు: ఏది గోడకు బిగించాలి, ఏది విడిగా ఉంచాలి?

ప్రశ్న: మొగల్రాజపురం వాసి

అందరికీ నమస్కారం. విజయవాడ మొగల్రాజపురంలో మా సొంత అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంది. బెంగళూరు కంపెనీ ఉద్యోగాన్ని వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచే చేస్తున్నాను. ఇన్నాళ్లూ భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని నెట్టుకొచ్చాను గానీ, పిల్లలు పెద్దవాళ్లవుతున్న కొద్దీ ఆ బల్ల మీద నా హక్కు తగ్గిపోతోంది. అందువల్ల వెనుక ఉన్న చిన్న గదిని పూర్తిగా ఆఫీసుగా మార్చుకోవాలని నిర్ణయించుకున్నాము.

గది తూర్పు పడమరలుగా 11 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 10 అడుగులు. పడమటి గోడకు నాలుగడుగుల కిటికీ ఉంది, తలుపు తూర్పు గోడ మధ్యలో ఉంది. ఉత్తరపు గోడకు అవతల స్నానాల గది, దక్షిణపు గోడకు అవతల మా పడక గది. కిటికీ కింద గోడ పొడవునా బల్లను బిగించి పడమటి వైపు కూర్చోవాలని, ఉత్తరపు గోడకు నేల నుంచి కప్పు దాకా టేకు రంగులో అల్మరాలు కట్టించాలని, వాటిలోనే కింది అరలో ఇన్వర్టరును, బ్యాటరీని కనిపించకుండా పెట్టాలని నా ఆలోచన. మా నాన్నగారు తెలుగు లెక్చరరుగా పనిచేశారు. ఆయన పుస్తకాలు ఆరు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి, వాటికి కూడా చోటు కావాలి. కొండపల్లి బొమ్మలకు ఒక చిన్న గూడు ఉండాలన్నది మా ఆవిడ కోరిక.

అసలు టేకు వాడాలా, ప్లైవుడ్ మీద పలుచని టేకు పొర అతికించే వెనీరు సరిపోతుందా, చెక్క గీతలు అచ్చువేసిన లామినేటు షీటు చాలునా అన్నది నా మొదటి సందేహం. నా ప్రణాళికలో పొరపాట్లుంటే అవి కూడా మొహమాటం లేకుండా చెప్పగలరని మనవి.

సమాధానం: కొలబద్ద, గుంటూరు

నమస్కారమండీ. గుంటూరులో ఇంటీరియర్ పనులు చేయిస్తుంటాను. మీరు ముందుగా అడిగింది చెక్క గురించే అయినా, యథాలాపంగా రాసిన ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఉత్తరపు గోడకు అవతల స్నానాల గది ఉన్నదన్నారు. అటువంటి గోడలో నీళ్ల పైపులు ఉంటాయి, టైల్స్ సందుల నుంచి చెమ్మ కొద్దికొద్దిగా ఇవతలికి దిగుతూ ఉంటుంది. గోడ ఖాళీగా ఉన్నప్పుడు రంగు పొక్కగానే మన కంటబడుతుంది. నేల నుంచి కప్పు దాకా అల్మరా బిగించేస్తే మాత్రం లోపలి పుస్తకాలు బూజు వాసన వేసేదాకా విషయం తెలియదు, తెలిసేసరికి చెదలు కూడా చేరి ఉంటాయి. నాన్నగారి పుస్తకాలు పెట్టవలసిన గోడ అది కాదు. అనుమానం తీర్చుకోవాలంటే రెండడుగుల పాలిథీన్ కాగితాన్ని ఆ గోడకు ఆనించి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అంటించి, రెండు మూడు రోజులు అలాగే వదిలేయండి. కాగితం లోపలి వైపు నీటి బిందువులు పడితే చెమ్మ గోడలోనే ఉన్నట్టు.

పడమటి వైపు ముఖం పెట్టి కూర్చోవడం కూడా మన ఊళ్లలో కుదిరే పని కాదు. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ సూటిగా కళ్లలో పడుతుంది, వెలుతురు మీద వెలుతురై స్క్రీను మసకగా కనిపిస్తుంది. కిటికీ మనకు పక్కగా ఉండాలి. మీరు ఉత్తరం వైపు తిరిగి కూర్చుంటే ఆ కిటికీ ఎడమ చేతి వైపు వస్తుంది, కుడి చేత్తో రాసేవారికి చేతి నీడ కాగితం మీద పడదు. వాస్తు చూసేవారు ఇంట్లో ఉంటే వారికీ అభ్యంతరం ఉండదు. అప్పుడు ఉత్తరపు గోడకు బల్ల ఒక్కటే ఉంటుంది, అల్మరాలన్నీ మీ వీపు వెనుక పొడిగా ఉండే దక్షిణపు గోడకు మారతాయి. వీడియో కాల్‌లో అవతలివారికి కనిపించేది మీ వెనుక గోడే కదా, ఖర్చు పెట్టదలచుకున్న చెక్క అందమంతా అక్కడే చూపించవచ్చు. మిగిలిన మూడు గోడలనూ తెలుపుకు దగ్గరగా ఉన్న లేత రంగుతో వదిలేయండి. ఇంత చిన్న గదిలో చుట్టూ టేకు రంగు పరిస్తే అగ్గిపెట్టెలో కూర్చున్నట్టుంటుంది.

బల్లను గోడకు బిగించవద్దని నా సలహా. అల్మరా పదేళ్లయినా అల్మరాగానే ఉంటుంది, బల్ల అవసరం మాత్రం మారుతూ పోతుంది: ఈ రోజు ఒక స్క్రీను, రేపు రెండు, ఎల్లుండి అదే గదిలో పిల్లవాడి చదువు. పైగా వెనుక గోడకు చెమ్మ పట్టినప్పుడు విడి బల్లనైతే జరిపి మరమ్మతు చేయించుకోవచ్చు. ఎత్తు 29 అంగుళాలు, లోతు 30 అంగుళాలు ఉంచండి. 24 అంగుళాల లోతులో పెద్ద స్క్రీను పెడితే అది ముఖం మీదికి వచ్చినట్టుంటుంది. మోకాళ్లు ఆడే చోట సొరుగు పెట్టించకండి.

వడ్రంగి కంటే ముందు ఎలక్ట్రీషియను రావాలి. బల్ల పైభాగానికి నాలుగైదు అంగుళాల ఎత్తున, అంటే నేల నుంచి 34 అంగుళాల దగ్గర, సాకెట్ల వరుస రావాలి. ఇన్వర్టరు లైను, ఇంటర్నెట్ కేబులు పైపు అప్పుడే గోడలో వేయించాలి. ఇన్వర్టరు బ్యాటరీని మూసిన అరలో పెట్టాలన్న ఆలోచనను దయచేసి విరమించుకోండి. ఆసిడ్ బ్యాటరీ ఛార్జింగ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు విడుదలవుతుంది, దానికి గాలి ఆడే చోటు తప్పనిసరి. బాల్కనీయే దానికి తగిన స్థానం.

ఇక చెక్క విషయం. అల్మరాల బాక్సులకు ఐ.ఎస్. 303 అనే భారతీయ ప్రమాణం ప్రకారం తయారైన బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే) గ్రేడు ప్లైవుడ్ చాలు, ఐ.ఎస్. 710 గుర్తు ఉన్న మెరైన్ ప్లైను నేలకు తగిలే కింది వరుసకు మాత్రం వాడండి. తలుపులకు మెరుపు లేని, టేకు గీతలున్న ఒక మిల్లీమీటరు లామినేటు వేయించండి, మెరిసేదైతే బల్ల దీపం అందులో ప్రతిఫలించి కెమెరాలో చుక్కలా కనిపిస్తుంది. అసలు టేకును మీ చెయ్యి రోజూ తగిలే చోట, అంటే బల్ల పలకకు, అల్మరా అంచు పట్టీలకు వాడుకుంటే తృప్తిగా ఉంటుంది.

సమాధానం: బ్రాడీపేట వకీలు

పైన చెప్పినదానికి నా అనుభవం ఒకటి జతచేస్తాను. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి ముందు గదిని 2016లో ఆఫీసుగా మార్చుకున్నప్పుడు, ఎంత చెప్పినా వినకుండా గోడల నిండా టేకు వెనీరు వేయించి మెలమైన్ పాలిష్ పెట్టించాను. మొదటి సంవత్సరం చూసినవారందరూ మెచ్చుకున్నారు. మా గదికి కూడా పడమటి కిటికీయే. నాలుగేళ్ల తరువాత గోడ మీది పాత క్యాలెండరును తీసినప్పుడు, దాని కింద సరిగ్గా క్యాలెండరు ఆకారంలో ముదురు రంగు దీర్ఘచతురస్రం ఒకటి మిగిలింది. చుట్టూ ఎండ పడిన వెనీరు వెలిసిపోయి వేరే చెక్కలా కనిపించింది. ఇప్పటికీ ఆ చోటును కప్పడానికి అంతే కొలత క్యాలెండరు కోసం ప్రతి జనవరిలో వెతుక్కుంటున్నాను. వెనీరు వేయించదలచుకుంటే కిటికీకి మందమైన బ్లైండు కూడా అదే లెక్కలో రాసుకోండి.

రెండో మాట పుస్తకాల గురించి. లా రిపోర్టుల కోసం నాలుగడుగుల పొడవున్న అరలు అడ్డు లేకుండా కట్టించాను. 18 మిల్లీమీటర్ల ప్లై కదా, దానికేమవుతుందనుకున్నాను. రెండేళ్లకు ప్రతి అరా మధ్యలో దిగి, దూరం నుంచి చూస్తే ఉయ్యాల తాడులా కనిపించింది. మా అబ్బాయి ఇంజనీరింగు చదువుతున్నప్పుడు లెక్క వేసి చూపించాడు: అర నిండా ఒకే తీరున బరువున్నప్పుడు దాని పొడవు రెట్టింపైతే వంగుడు పదహారు రెట్లు అవుతుందట. మందం పెంచితే ఉపయోగం లేకపోలేదు, 18 మిల్లీమీటర్ల బదులు 25 వాడితే వంగుడు మూడో వంతుకు కాస్త పైన ఉంటుంది. అయినా పొడవు తగ్గించడమే చవకైన మందు. మీరు ఆరు ట్రంకు పెట్టెల పుస్తకాలంటున్నారు కాబట్టి 30 అంగుళాలకు ఒక నిలువు చెక్క తప్పకుండా పెట్టించండి, ముందు అంచుకు ఒకటిన్నర అంగుళాల టేకు పట్టీ కొట్టించండి.

సమాధానం: సింగ్‌నగర్ నుంచి

క్లుప్తంగా ఒక్క విషయం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా ఇంటి కింది అంతస్తులో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. నీళ్లు తీశాక చూస్తే ఎండీఎఫ్‌తో, అంటే చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలకతో, చేయించిన కంప్యూటరు బల్ల నానిన అట్టపెట్టెలా చేతితో విరిగింది. పక్కనే ఉన్న మెరైన్ ప్లై అల్మరాకు లామినేటు ఊడి వచ్చిందే తప్ప, బాక్సు నిలబడింది. ఎండబెట్టి కొత్త లామినేటు వేయించి ఇప్పటికీ వాడుకుంటున్నాము. మీది మూడో అంతస్తు కాబట్టి వరద భయం లేదు. అయితే రోజూ ఇల్లు తుడిచే తడిగుడ్డ కూడా చిన్న వరదేనండీ, ఏళ్ల మీద అది చేసే పని అదే. కింద నాలుగంగుళాల గ్రానైటు దిమ్మె కట్టించి, అల్మరా బాక్సులను దాని మీద కూర్చోబెట్టించండి.

సమాధానం: చిత్రిక, విజయవాడ

మాది మూడు తరాల వడ్రంగం ఇల్లు, ఇప్పుడు కూడా పని మీదే ఉన్నాను. మేస్త్రీల వైపు నుంచి కొన్ని సంగతులు చెబుతాను.

మాటామాటా వచ్చేది సాధారణంగా కొలత దగ్గరే. అల్మరా పనిని చదరపు అడుగుల లెక్కన మాట్లాడుకుంటారు. ఆ అడుగులు ముందు ముఖానికేనా, లోపలి అరలను, పక్క చెక్కలను విడిగా కొలుస్తారా అన్నది ముందే కాగితం మీద రాసుకోకపోతే, చివర్లో ఇద్దరూ నష్టపోయామనే అనుకుంటారు. మెటీరియలు మీరే కొంటే ప్లై షీటు అంచు మీద ఐఎస్ఐ ముద్రతో పాటు ఉండే సీఎం/ఎల్ (లైసెన్సు) నంబరును ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, ఆ లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది. ముద్ర ఎవరైనా వేయించగలరు, అందుకే మా నాన్న ఇంకో పరీక్ష చేసేవాడు. మొదటి షీటు కోయగానే అగ్గిపెట్టె అంత ముక్కను పాత గిన్నెలో వేసి, టీ పొయ్యి మీద మధ్యాహ్నం దాకా మరగనిచ్చేవాడు. పొరలు విడిపోతే ఆ లోడు వెనక్కి వెళ్లిపోయేది. కోసిన అంచులో పొరల మధ్య వేలి గోరు దూరే ఖాళీలు కనిపించినా అంతే.

బల్ల పలకకు టేకు కొంటామంటే లెక్క ఇలా ఉంటుంది. ఐదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, అంగుళంపావు మందం అంటే సుమారు 1.3 ఘనపుటడుగులు, చిత్రిక పట్టడంలో పోయేది, అతుకుల తరుగు కలుపుకుని దీనికంటే ఎక్కువే తీసుకోవాలి. డిపోలో చెక్క పక్క తిప్పి చూడండి. తెల్లటి అంచు భాగం చేవ కాదు, చెదలు ముందు పట్టేది దాన్నే. చేవ తేలిన కర్రనే ఎంచుకోండి, ఏడాదైనా ఆరిందో లేదో అడగండి.

పలకను కింది చట్రానికి స్క్రూలతో గట్టిగా పట్టించేసే మేస్త్రీలు ఉన్నారు. అలా చేయనివ్వకండి. వానాకాలంలో టేకు గీతలకు అడ్డంగా ఉబ్బుతుంది, వేసవిలో కుదించుకుంటుంది. రోహిణీ ఎండకు రోళ్లు పగులుతాయన్న ఊళ్లో, ఏసీ గాలి కూడా తోడైతే కదలడానికి చోటు లేని పలక అతుకు దగ్గర చీలిపోతుంది. స్క్రూ రంధ్రాలను గుండ్రంగా కాకుండా పొడవుగా తీయిస్తే పలక తన పని తాను చేసుకుంటుంది. సొరుగులను కూడా ఇదే కారణంతో కాస్త వదులుగా చేయించాలి, లేకపోతే శ్రావణ మాసంలో అవి మొండికేస్తాయి.

కొండపల్లి బొమ్మల గూటికి పెద్ద హంగులు అక్కరలేదు. అవి తెల్లపొణికి కర్రతో చేసినవి, చేతిలో పెట్టుకుంటే బెండులా తేలికగా ఉంటాయి. ఆరు మిల్లీమీటర్ల అద్దపు పలక వాటికి చాలు. గూటిని కిటికీకి దూరంగా, తలుపు వైపు చివర పెట్టించండి, ఎండకు రంగులు పాడవకుండా ఉంటాయి.

ప్రశ్న వేసినవారు: మొగల్రాజపురం వాసి

అందరికీ కృతజ్ఞతలు. కొలబద్ద గారు చెప్పినట్టు శుక్రవారం సాయంత్రం ఉత్తరపు గోడకు పాలిథీన్ అంటించి, ఈ ఉదయం విప్పి చూశాము. పై సగం పొడిగానే ఉంది గానీ, నేల నుంచి రెండడుగుల ఎత్తు దాకా లోపలి వైపు సన్నని బిందువులు వరుసగా పట్టి ఉన్నాయి. వేలితో రాస్తే నీళ్లు కారాయి. అవతలి వైపు సరిగ్గా అక్కడే బకెట్టు పెట్టుకునే కుళాయి ఉంది. ఆ గోడకే ఎనిమిదడుగుల అల్మరా కోసం మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వబోయాను.

ఇప్పుడు ముందుగా ప్లంబరుకు, తరువాత ఎలక్ట్రీషియనుకు కబురు చేశాను. అల్మరాలు దక్షిణపు గోడకు మారాయి. అరలు 30 అంగుళాలకు ఒకటి చొప్పున విడగొట్టి, కొత్త నమూనాను చదరపు గీతల కాగితం మీద గీశాను. బ్యాటరీ బాల్కనీలోకి వెళ్లింది. చిత్రిక గారికి ఒక చిన్న సందేహం: మా ఆవిడ పెట్టదలచుకున్న అంబారీ ఏనుగు అన్నిటికన్నా ఎత్తుగా, అంబారీతో కలిపి 14 అంగుళాలు ఉంది. గూటి లోపలి ఎత్తు 16 అంగుళాలు ఉంచితే సరిపోతుందా, లేక పైన దీపానికి ఇంకా చోటు వదలాలా?

సమాధానం: చిత్రిక, విజయవాడ

18 ఉంచండి. దీపం పట్టీని పైచెక్కకు ముందు అంచు వైపు, అంచు చెక్క వెనుక దాగేలా పెట్టిస్తే ఏనుగు ముఖం మీద వెలుగు పడుతుంది. వెనుక పెట్టిస్తే గోడ మీద నీడ తప్ప బొమ్మ కనిపించదు.