అన్నయ్య మీద కోపం తగ్గడం లేదు, ఇది పాపమేనా?

ప్రశ్న:
అందరికీ వందనాలు. నాన్న పక్షవాతంతో మంచం పట్టినప్పటి నుంచి ఆయన పనులన్నీ నేనే చూస్తున్నాను. అన్నయ్య ఫోన్ చేసి "నువ్వున్నావుగా, నాకేం దిగులు" అంటాడు. ఆ మాట వింటే ఒళ్లు మండిపోతుంది. పైకి ఏమీ అనను. మోకరించినా అదే మాట చెవిలో తిరుగుతుంటుంది. సంఘంలో చెబితే "క్షమించెయ్యి సిస్టర్" అంటున్నారు. విశ్వాసికి కోపం రావడమే తప్పా?

జవాబు:
సిస్టర్, నరుని కోపం దేవుని నీతిని నెరవేర్చదు (యాకోబు 1:20). ప్రార్థనలో పెట్టి వదిలేయండి. నాన్నగారి కోసం ప్రార్థిస్తాను.

జవాబు:
బ్రదర్ చెప్పిన వచనం సత్యమే, కానీ దాని ముందుది కూడా కలిపి చదవాలి. కోపించడానికి నిదానించమన్నాడు యాకోబు, అసలు కోపమే రాకూడదనలేదు. మార్కు 3:5లో యేసయ్య తన మీద తప్పు మోపాలని కనిపెట్టుకుని ఉన్నవాళ్లను కోపంతో చుట్టూ చూశాడు, వాళ్ల హృదయ కాఠిన్యానికి దుఃఖపడ్డాడు కూడా. ఆ వెంటనే ఊచచెయ్యి (ఎండిపోయిన చెయ్యి) గలవాణ్ని బాగుచేశాడు. మీ కోపం అడుగున కూడా దుఃఖమే ఉందనిపిస్తోందమ్మా, ఒక్కదాన్నే మోస్తున్నానన్న దుఃఖం.

మా అత్తగారు మంచంలో ఉన్నప్పుడు నన్ను నిలబెట్టింది 13వ కీర్తన. దావీదు మొదటి రెండు వచనాల్లోనే నాలుగుసార్లు ఇంకెంతకాలమని దేవుణ్ని నిలదీస్తాడు. నేనూ తలుపు వేసుకుని, "రాత్రి లేచి ఆవిడ పక్కబట్టలు మార్చింది నేనే ప్రభువా, తిన్నావా అని నన్నెవరూ అడగలేదు" అని పైకే చెప్పేదాన్ని. అలా ఆయన ముందు కక్కేశాకే మనుషులతో నిదానంగా మాట్లాడగలిగాను.

మాట్లాడటం మాత్రం మానకండి. తప్పు చేసిన సహోదరుడి దగ్గరికి వెళ్లి ఒంటరిగా చెప్పమన్నది ప్రభువే (మత్తయి 18:15). "నీకు బాధ్యత లేదు" అంటే గొడవవుతుంది. "అన్నయ్యా, నెలకో వారం వచ్చి నాన్న దగ్గర ఉండు, కుదరకపోతే మనిషిని పెట్టుకోవడానికి డబ్బు పంపు" అని అడగండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ అక్కా. వాడు కాదంటే?

జవాబు:
అప్పుడు మత్తయి 18లోనే తర్వాతి వచనం ఉంది, ఒకరిద్దర్ని తోడు తీసుకెళ్లమని. వాడు గౌరవించే పెద్దవాళ్లను ఒకరిద్దర్ని, చిన్నాన్ననో పాస్టర్‌గారినో, వెంటబెట్టుకుని కూర్చోండి. క్షమించడం ఈలోపే మొదలుపెట్టొచ్చు. క్షమించాం కాబట్టి సాయం అడగకూడదని బైబిల్లో ఎక్కడా లేదమ్మా.