సెల్స్ చార్జర్ స్లోదా ఫాస్ట్‌దా? మా ఇంట్లో పంచాయితీ తెగట్లేదు

హోరమావు_కోడలు:
అందరికీ నమస్తే. బెంగళూరులో ఉంటాం. మా ఇంట్లో పెన్సిల్ సెల్స్ తినే వస్తువులు లెక్కేస్తే నాకే కళ్ళు తిరిగాయి, మావయ్యగారి బీపీ మిషన్‌కి 4, బాబు కారుకి 4, దాని రిమోట్‌కి 2, రెండు మౌస్‌లు, టార్చి, ఇంకా గోడ గడియారాలు. పోయినేడు చార్జింగ్ సెల్స్ కొన్నాం, వాటితోపాటే ఒక చార్జర్ ఫ్రీ అని ఇచ్చాడు షాపువాడు, పేరూ ఊరూ లేని సరుకు. రెండేసి సెల్స్ పెట్టాలి, ఒక్కటి పెడితే ఎక్కదు, ఎర్ర లైటు మాత్రం ఎప్పటికీ ఆరదు. 8 నెలలకే సెల్స్ చచ్చిపోయాయి, ఫుల్ చార్జ్ చేసి పెట్టినా కారు రెండు రౌండ్లు కూడా తిరగదు.

ఇప్పుడు కొత్త చార్జర్ కొందామంటే మావయ్యగారేమో "రాత్రంతా నిదానంగా ఎక్కేదే కొనండి, ఫాస్ట్‌ది సెల్‌ని చంపేస్తుంది" అంటారు. మా ఆయనేమో 2 గంటల్లో అయిపోయేది కావాలంటాడు. మధ్యలో నేను. ఎవరిది కరెక్టో చెప్పండి, స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లో చూపిస్తా.

నిదానమే_ప్రధానం:
మీ మావయ్యగారిది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. సెల్ మీద ఎంత రాసుంటే అందులో పదో వంతు కరెంటుతో ఎక్కించాలి, 2000 ఎంఏహెచ్ (మిల్లీ యాంప్ అవర్) సెల్ అయితే 200 మిల్లీ యాంప్, 16 గంటలు. ఇది నేను కనిపెట్టింది కాదు, సెల్ కెపాసిటీ కొలిచే స్టాండర్డ్ పద్ధతే అది. నా దగ్గర పానసోనిక్ వాళ్ళ ఎనెలూప్ చార్జింగ్ సెల్స్ 9 ఏళ్ళ నుంచి నడుస్తున్నాయి, చార్జర్ మామూలు డబ్బా. సాయంత్రం 4కి పెడతా, పొద్దున 8కి అలారం, తీసేస్తా. అంతే.

ఎస్పీరోడ్_చుట్టం:
అన్నా, 200 కి 10 గంటలు చాలు కదా మరి 16 ఎందుకు అని కొత్తవాళ్ళు అడగకముందే చెప్పేస్తా, ఎక్కించిందంతా లోపల నిలవదు, కొంత వేడిగా పోతుంది, అందుకని ఎక్కువ పెట్టాలి. కానీ మీ లెక్క మొత్తం సెల్ పూర్తిగా ఖాళీ అయ్యిందన్న నమ్మకం మీద నడుస్తోంది. సగం ఉన్న సెల్‌ని తెచ్చి 16 గంటలు పెడితే మిగతా సగం సేపు ఏం చేస్తుంది పాపం, వేడెక్కుతూ కూర్చుంటుంది. మీరు అలారం పెట్టుకుంటారు, ఆ ఇంట్లో బీపీ మిషన్ సెల్స్, కారు సెల్స్ ఎవరు ఎప్పుడు పెట్టారో ఎవరికి గుర్తుంటుంది?

హోరమావు అక్కా, నా మాట ఒక్కటే. స్లో ఫాస్ట్ పక్కన పెట్టండి. నిండిన సంగతి చార్జర్‌కి తెలుస్తుందా లేదా, ఒక్కో సెల్‌నీ విడివిడిగా చూస్తుందా లేదా, ఈ రెండే చూడండి. మీ పాత చార్జర్‌కి రెండూ లేవు. రెండేసి పెట్టమంటే లోపల రెండిటికీ కలిపి ఒకటే లైను, ఒకటి ముందే నిండిపోయినా రెండోదాని కోసం దానిమీదా పోస్తూనే ఉంటుంది.

బెళ్ళందూరు_బ్యాచిలర్:
తెలుస్తుందంటే ఎలా తెలుస్తుంది బ్రో, లోపల మనిషి కూర్చుంటాడా 😄

ఎస్పీరోడ్_చుట్టం:
పాలు కాచావా ఎప్పుడైనా? నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్, అంటే మనం వాడే ఈ మామూలు చార్జింగ్ సెల్, చార్జ్ అవుతున్నంతసేపూ వోల్టేజ్ మెల్లగా పెరుగుతూ పోతుంది, నిండిన క్షణాన కొంచెం కిందికి దిగుతుంది, కొన్ని మిల్లీ వోల్టులే. మంచి చార్జర్ ఆ దిగడాన్ని పట్టుకుని కట్ చేస్తుంది. మధ్య మంట మీద పాలు పొంగడం కనిపిస్తుంది, పరిగెత్తి స్టవ్ కట్టేస్తాం. మరీ సన్న సెగ మీద పెట్టి వదిలేస్తే పొంగవు, ఊరికే ఇగిరిపోతూ ఉంటాయి, అయ్యాయో లేదో తెలీదు. చార్జింగూ అంతే, కరెంటు మరీ తక్కువైతే ఆ దిగడం కనిపించీ కనిపించనట్టు ఉంటుంది, చార్జర్ మిస్సైపోతుంది. అందుకే 2000 సెల్‌కి 500 నుంచి 1000 మిల్లీ యాంప్ దాకా ఇచ్చేది నాకు ఇష్టం. అరగంటలో, పావుగంటలో అని ఊదరగొట్టేవి మాత్రం వద్దు, చేత్తో పట్టుకోలేనంత కాలుతున్నాయంటే సెల్ ఆయుష్షు తింటున్నట్టే. గోరువెచ్చగా ఉంటే భయం లేదు.

నిదానమే_ప్రధానం:
పాల కథ బాగుంది కానీ పూర్తి నిజం కాదు. పానసోనిక్ వాళ్ళదే 4 సెల్స్‌కి 7 గంటలు పట్టే చార్జర్ ఉంది, నిదానంగానే ఎక్కిస్తుంది, అయినా ఏ స్లాట్‌కి ఆ స్లాట్ చూసుకుని ఆపేస్తుంది. అదే కంపెనీది 3 గంటలదీ ఉంది, అందులోంచి తీస్తే సెల్స్ బాగా వేడిగా ఉంటాయి, నేను పట్టుకుని చూశా. స్లోలో తెలివైనవి లేవన్నట్టు మాట్లాడకండి.

ఎస్పీరోడ్_చుట్టం:
సరే ఒప్పుకుంటున్నా, ఆ 7 గంటలది మంచిదే. అయినా దానికి బుర్ర ఉంది కాబట్టే మంచిది, స్లో కాబట్టి కాదు. మీ డబ్బా గురించి ఒకటి అడుగుతా, రాత్రి వానకి కరెంటు పోతే ఏం చేస్తారు?

నిదానమే_ప్రధానం:
మా అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ ఉంది.

ఎస్పీరోడ్_చుట్టం:
అందరికీ ఉండదుగా అన్నా 😀 నా డబ్బాకి టైమరుంది అని కొందరంటారు, అదింకా ప్రమాదం. చాలా టైమర్ చార్జర్లు కరెంటు పోయి వస్తే మళ్ళీ సున్నా నుంచి మొదలెడతాయి. బెంగళూరులో వానాకాలం ఒక్క రాత్రిలో మూడుసార్లు పోతే మూడుసార్లు మొదలు. వోల్టేజ్ చూసే చార్జర్ అయితే మళ్ళీ మొదలెట్టినా సెల్ నిండే ఉందని కాసేపట్లో కనిపెట్టి ఆపేస్తుంది.

బెళ్ళందూరు_బ్యాచిలర్:
అసలు 2026లో ఈ గొడవేంటి? యూఎస్‌బీ సీ లిథియం సెల్స్ కొనుక్కోండి, సెల్‌కే కన్నం ఉంటుంది, ఫోన్ కేబుల్ గుచ్చితే అయిపోయె. చార్జరే అక్కర్లేదు. పైగా 1.5 వోల్ట్, మీవి 1.2. మీద 3400 అని ఉంటుంది, మీ ఎనెలూప్ 2000 దగ్గరే ఆగింది.

ఎస్పీరోడ్_చుట్టం:
తమ్ముడూ ఆ 3400 పక్కన ఏముందో చదువు. ఎంఏహెచ్ కాదు, ఎండబ్ల్యూహెచ్, అంటే మిల్లీ వాట్ అవర్. 1.5తో భాగిస్తే 2270కి అటూ ఇటూ. ఎనెలూప్‌ది అదే లెక్కలో చెప్తే 2000 ఇంటూ 1.2, 2400. ఎక్కువే ఉంది, కాదనట్లేదు, కానీ లేబుల్ మీద కనిపించినంత లేదు. 1.2 తక్కువ కదా అన్న భయం కూడా అనవసరం, మామూలు ఆల్కలైన్ సెల్ 1.5 దగ్గర మొదలై వాడేకొద్దీ 1.2 కిందికి దిగుతుంది, మిషన్లు చాలావరకు అది తట్టుకునేట్టే చేస్తారు. కొన్ని మొండివి ఉంటాయి, వాటికి నీ లిథియం పెట్టుకో.

రేడియో_తాత:
మా అబ్బాయి ఆ లిథియం సెల్స్ నాలుగు తెచ్చి నా రేడియోలో వేశాడు నాయనా, మీడియం వేవ్ పెడితే వార్తలకన్నా గర్రుమనే చప్పుడే ఎక్కువ. లోపల వోల్టేజ్ తగ్గించే సర్క్యూట్ ఒకటి ఉంటుందట, దాని గోల అది. ఇంకో సంగతి, అవి చివరిదాకా 1.5 ఇచ్చి ఒక్కసారిగా ఆగిపోతాయి, ముందుగా చెప్పవు. మామూలు సెల్ అయితే గొంతు మెల్లగా తగ్గేది, రేపు సెల్స్ కొనాలి అని తెలిసేది. మా చిన్నప్పుడు గొంతు తగ్గిన సెల్స్ ఎండలో పెట్టి మళ్ళీ వేసేవాళ్ళం, ఇంకో రెండు రోజులు పాడేది. వేడికి లోపల రసాయనం కాస్త కదిలేది అంతే, చార్జింగూ కాదు పాడూ కాదు.

ఎస్పీరోడ్_చుట్టం:
తాతగారు చెప్పిన ఆ ఒక్కసారిగా ఆగిపోయే సంగతి బీపీ మిషన్‌కి గుర్తుపెట్టుకోండి అక్కా. ఇంకా ముఖ్యం, ఇంట్లో రెండు రకాలూ ఉంటే పొరపాటున కూడా లిథియంవి ఈ నికెల్ సెల్స్ చార్జర్‌లో పెట్టకండి, సైజు ఒకటే కాబట్టి సరిగ్గా దూరతాయి, అదే ప్రమాదం. మామూలు ఆల్కలైన్‌వీ అంతే, కారిపోతాయి. గోడ గడియారాలకి మాత్రం చార్జింగ్ సెల్స్ దండగ, మామూలు సెల్ ఒక్కటి ఏడాదిపైన లాగుతుంది.

నిదానమే_ప్రధానం:
దీనికి మాత్రం లైక్. నాలుగు సెల్స్‌కి స్కెచ్ పెన్నుతో ఒకే గుర్తు పెట్టుకోండి, ఎప్పుడూ ఆ నాలుగే కలిపి వాడండి. పాతదీ కొత్తదీ కలిపితే ముందు పాతది ఖాళీ అయిపోయి మిగతావాటి దెబ్బ అది తింటుంది. నా సెల్స్ 9 ఏళ్ళు బతకడానికి సగం కారణం ఇదే. (మిగతా సగం స్లో చార్జింగే 😌)

హోరమావు_కోడలు:
శనివారం ఎస్పీ రోడ్డుకి వెళ్ళొచ్చాం. మొదటి షాపులో స్మార్ట్ చార్జర్ అని తీశాడు, నాకొచ్చిన కన్నడలో "ఒందే సెల్ హాకి తోర్సి" అన్నా, ఒక్క సెల్ పెట్టాడు, లైటే వెలగలేదు. రెండు పెట్టాలి మేడం అన్నాడు. దండం పెట్టి వచ్చేశాం. మూడో షాపులో దొరికింది, నాలుగు స్లాట్లు, నాలుగు లైట్లు, ఒక్కటి పెట్టినా ఎక్కుతోంది. సుమారు 4 గంటలది, అంటే మావయ్యగారూ గెలవలేదు మా ఆయనా గెలవలేదు, ఇద్దరూ నామీదే అలిగారు.

పాత సెల్స్ 8 పెట్టి చూస్తే 5 ఎక్కాయి, 3 పెట్టగానే లైటు టపటప కొట్టుకుంటోంది. పాడైనట్టేనా అన్నా?

ఎస్పీరోడ్_చుట్టం:
పాడైనట్టే అక్కా. తీసి పెట్టిపెట్టి చూడకండి, ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇచ్చేయండి.

హోరమావు_కోడలు:
ఇద్దామనే అనుకున్నా. తాతగారి పోస్టు మావయ్యగారికి చదివి వినిపించాను, అది నా తప్పు. మూడింటినీ తీసుకెళ్ళి బాల్కనీలో వడియాల పళ్ళెం పక్కన ఎండబెట్టారు.