షికాగో యూనివర్సిటీలో చేరుతున్నా, నాలాంటివాడికి అక్కడ పడుతుందా?

కొత్తగా దిగినవాడు:
అందరికీ నమస్కారం. పోయిన వారమే హైదరాబాద్ నుంచి వచ్చాను, ప్రస్తుతం షికాగో శివార్లలోని నేపర్‌విల్‌లో మా బాబాయి గారింట్లో ఉన్నాను. సెప్టెంబర్ చివర్లో యూనివర్సిటీ ఆఫ్ షికాగోలో బ్యాచిలర్స్ మొదలవుతుంది, కంప్యూటర్ సైన్స్ అనుకుంటున్నాను. ఇక్కడ కలిసిన ప్రతి అంకులూ అదేదో "సరదా చావడానికి వచ్చే చోటు" అట కదా అని నవ్వుతున్నారు. నేను ఇంటర్ రెండేళ్లూ కార్పొరేట్ కాలేజీలో పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా చదివినవాణ్ని. చదువంటే భయం లేదు, మనుషులంటేనే కాస్త టెన్షన్. నిజం చెప్పండి, అక్కడ కలిసిపోగలనా?

గుంటూరు అక్క:
తమ్ముడూ, నేను అక్కడే నాలుగేళ్లు చదివాను, నాదీ నీలాంటి కాలేజీయే. ఆ సరదా మాట బయటివాళ్ళు తిట్టింది అనుకోకు, అక్కడి పిల్లలే టీషర్టుల మీద వేసుకుని గొప్పగా తిరుగుతారు. 1939లో హచిన్స్ అనే ప్రెసిడెంట్ ఫుట్‌బాల్ టీమునే ఎత్తేశాడు. పాత ఆటమైదానం ఉన్న చోట ఇప్పుడు రెజెన్‌స్టైన్ లైబ్రరీ ఉంది, 1942లో మొదటి అణు రియాక్టర్ నడిచిందీ ఆ మైదానం స్టాండ్ల కిందే. అలాంటి ఊళ్ళో జోకులు కూడా అలాగే ఉంటాయి మరి.

నన్ను ఇబ్బంది పెట్టింది వేరు. కోర్ అని ఒకటుంటుంది, నువ్వు ఏ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) తీసుకున్నా హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ తప్పవు. ఆ క్లాసుల్లో పట్టుమని ఇరవై మంది కూడా ఉండరు, బల్ల చుట్టూ కూర్చోవాలి, దాక్కోవడానికి వెనక బెంచీ లేదు. మొదటి క్లాసుకి ప్లేటో రెండుసార్లు చదివి, మార్జిన్‌లో పెన్సిల్‌తో తెలుగులో అర్థాలు రాసుకుని మరీ వెళ్ళాను. మాస్టారు ఒక వాక్యం పైకి చదివి, ఈ మాట ఇక్కడ ఎందుకు వాడాడు అని అడిగి ఊరుకున్నారు. దాని మీదే ముప్పావు గంట గడిచింది! నా పక్కనున్న అమ్మాయి ఈ పేజీ నాకు ముక్క అర్థం కాలేదు అంది, అయ్యో పరువు పోయిందే అనుకున్నాను, తీరా చూస్తే మిగతా చర్చంతా ఆ పిల్ల అన్నదాని చుట్టూనే తిరిగింది. మా కాలేజీలో డౌటు అడిగితే క్లాసంతా నవ్వేది, లెక్చరర్ సిలబస్ కానివ్వమ్మా అనేవాడు.

మూడు వారాలు నోరు తెరవలేదు. ఆఫీస్ అవర్స్‌కి, అంటే మాస్టారు తన గదిలో పిల్లలతో మాట్లాడే వేళకి, వెళ్ళి నాకు ఇక్కడ కుదరదేమో అని చెప్పేశాను. ఒక్క ప్రశ్న చీటీ మీద రాసుకురా, మొదటి పది నిమిషాల్లో అడిగెయ్, తర్వాత కావాలంటే ఊరుకో అన్నారు. చేతి చెమటకి ఇంకు అలుక్కుపోయి నేను రాసుకున్నదే నాకు కనబడలేదు, గుర్తున్నంత అడిగాను. అక్కడ సెమిస్టర్ల బదులు క్వార్టర్లు, చీటీల పని రెండో క్వార్టర్‌లో ఎప్పుడో ఆగిపోయింది. కాబట్టి నీ మార్కుల సంగతి నాకు అక్కర్లేదు తమ్ముడూ, సగం ఆలోచన పైకి అనేసి, ఎవడో కాదంటే ముఖం మాడ్చుకోకుండా కూర్చోగలిగితే చాలు.

మనుషుల సంగతంటావా, మొదటి రెండేళ్లు డార్మ్‌లోనే (హాస్టల్) ఉండాలి, ఒక్కో డార్మ్‌లో "హౌస్"లని చిన్న బృందాలు, భోజనాల హాల్లో మీ హౌస్‌కి వేరే బల్ల. నీలాంటివాళ్ళకి ఇదే దిక్కు, ఎవరి పక్కన కూర్చోవాలా అన్న బాధ ఉండదు. జనవరిలో కూవియా అని వారం పాటు తెల్లారకముందే లేపి వ్యాయామం చేయిస్తారు, ఆఖరి రోజు ప్రామంటరీ పాయింట్ దగ్గర లేక్ ఒడ్డున గడ్డకట్టే చలిలో సూర్య నమస్కారాలు. మా నాన్నకి ఫోన్లో చెబితే, ఇంట్లో ఎన్నేళ్లు చెప్పినా చెయ్యలేదే అన్నారు. మేలో స్కావ్ హంట్ అని చిత్రమైన వస్తువులు వెతికి, తయారుచేసి తెచ్చే పోటీ ఉంటుంది, 1999లో ఇద్దరు దానికోసం ఏకంగా బుల్లి రియాక్టర్ కట్టారు. పిచ్చే, కానీ ఆ పిచ్చి నీకు నవ్వు తెప్పిస్తే నీకు అక్కడ స్నేహితులు దొరికినట్టే.

డౌన్‌టౌన్ అన్న:
అక్క ఇష్టంతో చెబుతోంది గానీ క్వార్టర్ వేగం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. తొమ్మిది, పది వారాల్లో అంతా అయిపోతుంది, మూడో వారానికే మిడ్‌టర్మ్. ఒకసారి జ్వరం వచ్చి నాలుగు రోజులు పడుకుంటే కోలుకోవడానికి నెల పట్టింది నాకు. ఇంకోటి, మెకానికల్, ఎలక్ట్రానిక్స్ వైపు మనసు మారితే అక్కడ ఆ మేజర్లు లేవు, ఇంజనీరింగ్ అంటే మాలిక్యులర్ ఇంజనీరింగ్ ఒక్కటే. ఈ చర్చ చదివే ఎంఎస్ వాళ్ళకి కూడా చెబుతున్నా, కోర్, హౌస్ గొడవ మీకు లేదు, మీ స్నేహాలు మీరే వెతుక్కోవాలి. నేను చేసింది మాస్టర్సే, ప్రాజెక్టు గ్రూపు తప్ప ఎవరి పేరూ తెలియకుండా బయటికొచ్చాను.

కొత్తగా దిగినవాడు:
అన్నా, భయపెట్టావు. అక్కా, చీటీ ఐడియా రాసుకున్నాను. మరి తెలుగువాళ్ళు, తిండి?

గుంటూరు అక్క:
క్యాంపస్‌లో మనవాళ్ళు తక్కువే, వెతకాలి. కిరాణాకి మన దేశీ షాపులుండే డెవాన్ అవెన్యూ, 6వ నంబర్ బస్సు, రెడ్ లైన్ రైలు, మళ్ళీ 155 బస్సు, పోను గంటన్నర వేసుకో. ఆవకాయ బాబాయి గారింటి నుంచే పట్టుకెళ్ళు. తెలుగు మీద బెంగ పెట్టుకుంటే రెజెన్‌స్టైన్‌లో తెలుగు పుస్తకాల అరలు చూడు. ఒకప్పుడు అమెరికా గోధుమలకి మన దేశం రూపాయల్లో కట్టిన సొమ్ముతో కొని ఇక్కడి లైబ్రరీలకి పంపినవి కూడా వాటిలో ఉన్నాయి. నువ్వు ఆన్‌లైన్‌లో చూసే బ్రౌన్ నిఘంటువు కూడా ఈ యూనివర్సిటీ సైటులోనే ఉంది తెలుసా?

ఈ ఆదివారం ఆరోరా బాలాజీ గుడికి వస్తారా? మా ఆయన పాత డౌన్ జాకెట్ కార్లో పెట్టుకొస్తాను, సరిపోతే తీసుకుపో, కొత్తది నవంబర్‌లో సేల్‌కి కొనుక్కోవచ్చు.