డీఎడ్ చేసి చిన్నపిల్లలకా, బీఎడ్ చేసి హైస్కూల్‌కా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

నిజామాబాద్_బీజెడ్‌సీ
బీఎస్సీ బీజెడ్‌సీ (బోటనీ, జూలజీ, కెమిస్ట్రీ) ఫైనలియర్‌లో ఉన్నాను. టీచర్ అవ్వాలని ఇంటర్ నుంచే ఉంది, అందులో డౌట్ లేదు. ఎవరికి చెప్పాలన్న దగ్గరే ఇంట్లో రోజూ పంచాయితీ. డీఎడ్ చేస్తే ఎస్జీటీ (ప్రైమరీ టీచర్) పోస్టులు ఎక్కువ పడతాయని నాన్న, డిగ్రీ చదివి అఆలు దిద్దిస్తావా అని అక్క. బయాలజీ అంటే ఇష్టం, ట్యూషన్‌కి వచ్చే చిన్నపిల్లలతోనూ బాగానే ఉంటాను. బీఎడ్ చేస్తే ప్రైమరీ, హైస్కూల్ పోస్టులు రెండూ రాసుకోవచ్చు కదా?

పలక_బలపం
రాసుకోలేవు చెల్లీ. టీచర్ ట్రైనింగ్‌కి రూల్స్ పెట్టే ఎన్‌సీటీఈ 2018లో ఆ వెసులుబాటు ఇచ్చింది కానీ 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రైమరీ పోస్టులకి బీఎడ్ చెల్లదని తేల్చేసింది. ఎస్జీటీ కావాలంటే డీఎడ్, టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పేపర్ 1 ఉండాల్సిందే. మీ నాన్న లెక్క కూడా తీసిపారేసేది కాదు, గవర్నమెంట్ టీచర్ పోస్టులు భర్తీ చేసే తెలంగాణ డీఎస్సీ 2024లో 11,062 పోస్టులుంటే 6,508 ఎస్జీటీలే. స్కూల్ అసిస్టెంట్లు, అంటే హైస్కూల్ సబ్జెక్టు టీచర్లు, అన్ని సబ్జెక్టులూ కలిపి 2,629, అందులో బయాలజీకి ఎన్ని, నీ జిల్లాకి ఎన్ని, రిజర్వేషన్ ప్రకారం నీ రోస్టర్‌కి ఎన్ని అని చూసుకుంటూ పోతే చివరికి మిగిలేది వేళ్ల మీద లెక్కపెట్టేయచ్చు.

ఇక అఆలు దిద్దించడం గురించి. మా స్కూల్లో ఇద్దరమే టీచర్లం, ఒకటి, రెండు, మూడు తరగతులు నా గదిలోనే కూర్చుంటాయి. మూడో తరగతికి తీసివేతలు బోర్డు మీద వేసి ఒకటోవాళ్ల దగ్గరికి వెళ్లేసరికి అక్కడ రబ్బరు కోసం కొట్లాట. మధ్యలో భోజనం లెక్కలు, యాప్‌లో హాజరు. సాయంత్రానికి గొంతు ఉండదు. కానీ 'మ'కీ 'మా'కీ తేడా తెలీక అవస్థపడ్డ పిల్లాడు ఒకరోజు గోడ మీది చార్టులో మా...మి...డి అని కూడబలుక్కుని చదివి, కరెక్టేనా అన్నట్టు నా మొహంలోకి చూస్తాడు చూడు, అది నచ్చినవాళ్లే ఇక్కడ ఉండగలరు. మిగతావాళ్లకి రెండేళ్లలో విసుగొచ్చేస్తుంది.

బయో_సార్
పై మేడం చెప్పింది నిజమే కానీ పోస్టులు చూసి మాత్రమే డీఎడ్‌లో చేరకు. మా బ్యాచ్‌లో అలా వెళ్లినవాళ్లు ఉన్నారు, వాళ్లకి ఉద్యోగమైతే ఉంది, స్కూలంటేనే నీరసం.

నేను 8, 9, 10కి చెప్తాను. ఉల్లిపాయ పొర లాగి స్లైడ్ మీద పెట్టి మైక్రోస్కోప్ దగ్గర లైను కట్టిస్తే, ఎప్పుడూ నోరు తెరవని అమ్మాయి కూడా "సార్, ఇటుకల్లా ఉన్నాయి" అంటుంది. ప్రత్యుత్పత్తి పాఠం రోజు వెనక బెంచీల్లో కిసకిసలు, అప్పుడు నువ్వు సిగ్గుపడ్డావంటే క్లాస్ చేయి దాటిపోయినట్టే. పదో తరగతి రిజల్ట్ టెన్షన్ సరేసరి, పరీక్షలు పిల్లలవి, సంజాయిషీ మనది.

ఇంకోటి, బీజెడ్‌సీ వాళ్లు తరచుగా మర్చిపోయేది. హైస్కూల్ పోస్టులకి రాయాల్సిన టెట్ పేపర్ 2లో సైన్స్ 30 మార్కులైతే మ్యాథ్స్ కూడా 30. ఇంటర్ నుంచి లెక్కల మొహం చూడనివాళ్ల మార్కులు అక్కడే పోతాయి. టెట్‌కి డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి ఊరికే క్వాలిఫై అయితే చాలదు. ఇప్పట్నుంచే ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం ముందేసుకో.

జూలజీ_జేఎల్
ఎమ్మెస్సీ దారి కూడా ఉంది. జూనియర్ లెక్చరర్‌కి బీఎడ్ అక్కర్లేదు. కాకపోతే నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, ఈలోపు ప్రైవేటు కాలేజీలో నీట్ బ్యాచ్‌లకి పొద్దున మొదలుపెడితే రాత్రి స్టడీ అవర్ దాకా ఉండాలి. సబ్జెక్టు లోతుగా చెప్పే ఆనందం మాత్రం ఇక్కడ ఉన్నంత హైస్కూల్లో ఉండదు.

ఇందూరు_ట్యూషన్స్
ఎందుకింత చర్చ, చిన్నపిల్లలకి చెప్పడం తేలిక, డీఎడ్ చేసెయ్ అక్కా.

పలక_బలపం
తమ్ముడూ, ఒక్కరోజు మా ఒకటో తరగతికి రా. టిఫిన్ నేనే పెడతా.

సైగల_టీచర్
వైకల్యం ఉన్న పిల్లలకి చెప్పే స్పెషల్ ఎడ్యుకేషన్ ఊసే ఎవరూ ఎత్తలేదేంటి? అదే డీఎస్సీలో 796 ఎస్జీటీ, 220 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు దీనికే. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపున్న కోర్సు చేయాలి. వినపడని పిల్లలతో పని చేస్తున్నాను, ఓపిక ఒక్కటే చాలదు, తల్లిదండ్రులతో మాట్లాడే నేర్పు కూడా కావాలి. జాలితో మాత్రం రావద్దు.

నిజామాబాద్_బీజెడ్‌సీ
అందరికీ థాంక్స్. డీఎడ్ చేసి ఎస్జీటీ అయ్యాక బీఎడ్ చేసుకుంటే బయాలజీకి మారచ్చా?

బయో_సార్
మారచ్చు, ప్రమోషన్‌లో. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో దూరవిద్య బీఎడ్ ఉంది, డీఎడ్ రెగ్యులర్‌గా చేసినవాళ్లకి అవకాశం ఉంటుంది. టెట్ పేపర్ 2 కూడా పాసై ఉండాలి. కానీ ప్రమోషన్లు సీనియారిటీని బట్టి, కోర్టు కేసుల్ని బట్టి నడుస్తాయి, ఏళ్లు పట్టచ్చు. ఆ ఏళ్లన్నీ ఒకటో తరగతిలో ఇష్టంగా గడపగలవా అన్నది చూసుకో. ఫైనల్ పరీక్షలయ్యాక మీ ఊరి ప్రైమరీ హెచ్ఎంని, హైస్కూల్ హెచ్ఎంని అడిగి చెరో వారం క్లాసులు తీసుకో, తెలిసిపోతుంది.

పలక_బలపం
అవును. డీఎడ్ అనుకుంటే మాత్రం ముందు గవర్నమెంట్ డైట్‌లో, అంటే జిల్లా డీఎడ్ కాలేజీలో, సీటు కోసం చూడు. ప్రైవేటైతే ఫీజు కట్టేముందు ఎన్‌సీటీఈ గుర్తింపు ఆ ఏడాదికి ఉందో లేదో అడుగు, రాకపోయినా పర్లేదు అటెండెన్స్ మేం చూసుకుంటాం అనే కాలేజీ జోలికి అసలు పోకు.