నిద్రలో నడవడానికీ గురకకీ సంబంధం ఉంటుందా?

మా ఆయనకి 41 ఏళ్లు. చిన్నప్పుడు నిద్రలో లేచి నడిచేవారట, పెద్దయ్యాక దానంతటదే పోయిందని మా అత్తగారు చెబుతారు. మూడు నెలలుగా మళ్లీ మొదలైంది. పడుకున్న గంట, గంటన్నరకి లేస్తారు. మొన్న వీధి తలుపు గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం నా మీద లేదు. మెల్లగా చెయ్యి పట్టుకుని తీసుకొస్తే వచ్చి పడుకున్నారు. పొద్దున అడిగితే "నేనా?" అన్నారు.

ఈ మధ్య బరువు పెరిగారు, గురకా ఎక్కువైంది. మధ్యలో ఊపిరి ఆగినట్టయి, ఒక్కసారిగా ఎగపీల్చి కదులుతారు. చాలాసార్లు ఆ వెంటనే లేస్తున్నారు. స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) వల్ల గాఢనిద్ర సగంలో చెదిరి ఇలా నడవచ్చని చదివాను. కలలో చేసేది నిజంగా చేసేసే జబ్బు ఇంకోటి ఉంది కానీ, అది ఎక్కువగా తెల్లవారుజామున వస్తుందట. నిద్రమాత్రలు కూడా కారణం కావచ్చట, ఈయన అవేవీ వేసుకోరు.

తలుపుకి పైన ఇంకో గడియ పెట్టించాను, తాళాలు దాచేస్తున్నాను. ఆయనకి ఏ టెన్షనూ లేదు, నిద్ర పట్టనిది నాకే!

మీ ఇళ్లలో ఎవరికైనా ఇలా జరిగిందా? ఆప్నియాకి వాడే సీప్యాప్ మెషిన్ (నిద్రలో మాస్క్ ద్వారా గాలి పంపేది) వాడాక నడక తగ్గిందా? ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాలా, న్యూరాలజిస్ట్‌కా?