ఇటలీలో సొంతిల్లు, చేతిలో బ్రిటిష్ పాస్‌పోర్ట్: ఆరు నెలలు ఉండొచ్చా? ఈ ఇమూ (ఇటలీలో ఇంటి పన్ను) ఉత్తరం ఏంటి?

అబ్రూజో పిన్ని

అందరికీ నమస్కారం. మేము లెస్టర్‌లో ఉంటాం, ఇద్దరివీ బ్రిటిష్ పాస్‌పోర్ట్‌లే. 2019లో ఇటలీలోని అబ్రూజోలో కొండమీది చిన్న ఊళ్ళో ఒక పాత రాతి ఇల్లు కొనుక్కున్నాం. ఇన్నేళ్ళూ సెలవులు దొరికినప్పుడు రెండేసి వారాలు వెళ్ళి వచ్చేవాళ్ళం. మావారు ఈమధ్యే రిటైరయ్యారు, ఇక ఏప్రిల్ 1న వెళ్ళి సెప్టెంబర్ ఆఖరుదాకా అక్కడే ఉందామంటున్నారు. "మన ఇంట్లో మనం ఉంటే అడిగేవాడెవడు" అని ఆయన ధీమా. నాకేమో టెన్షన్.

ఇది చాలదన్నట్టు పోయిన వారం మా ఊరి కొమూనే (ఇక్కడి కౌన్సిల్ లాంటిదే) నుంచి నా పేరున రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చింది. ఫోన్‌లో అనువాదం చేసి చూస్తే 2021కి ఇమూ పన్ను కట్టలేదు, జరిమానాతో సహా కట్టండి అని ఉంది. మావారు ఏటా రెండుసార్లు కట్టిన రసీదులన్నీ ఫైల్లో ఉన్నాయి! మళ్ళీ ఎందుకు కట్టాలి?

ఇంకో మాట. మేము లేని నెలల్లో టూరిస్టులకు అద్దెకిస్తే ఖర్చులైనా వస్తాయా? చలికాలంలో ఇల్లు తాళం వేసి వచ్చేటప్పుడు ఏం చూసుకోవాలో కూడా తెలిసినవాళ్ళు చెప్పండి.

లెక్కల మావయ్య

పిన్నిగారూ, ఇప్పుడు అడిగేది మనిషి కాదండి, మిషను. 2025 అక్టోబర్ 12 నుంచి షెంగెన్ (ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్ లాంటి దేశాలన్నీ కలిసి ఒకే సరిహద్దుగా ఉన్న ప్రాంతం) సరిహద్దుల్లో ఈఈఎస్ అని మొదలుపెట్టారు. వేలిముద్రలు, ఫోటో తీసుకుని మీరు ఏ రోజు లోపలికి వచ్చారో ఏ రోజు బయటికి వెళ్ళారో కంప్యూటర్లో పెట్టేస్తారు. స్టాంపు సరిగా పడలేదు, ఆఫీసరు తేదీలు చూడలేదు అని గట్టెక్కే రోజులు పోయాయి.

బ్రెగ్జిట్ వల్ల 2021 జనవరి 1 నుంచి మనం అక్కడ బయటివాళ్ళమే. ఏ 180 రోజులు తీసుకున్నా 90కి మించి ఉండకూడదు, ఇల్లున్నా పొలమున్నా పన్ను కడుతున్నా అంతే. దిగిన రోజూ లెక్కే, బయల్దేరిన రోజూ లెక్కే. మధ్యలో స్పెయిన్‌లో వారం ఉన్నా, కారేసుకుని ఫ్రాన్స్ మీదుగా వచ్చినా ఆ రోజులు కూడా ఇందులోంచే పోతాయి. చాలామంది జనవరి-జూన్ ఒక ముక్క, జూలై-డిసెంబర్ ఒక ముక్క అనుకుంటారు, అది తప్పు. ఏ రోజుకి ఆ రోజు వెనక్కి 180 రోజులు లెక్కపెట్టుకోవాలి.

మీ ప్లాన్ ప్రకారం ఏప్రిల్ 1న దిగితే (అంతకుముందు నెలల్లో యూరప్‌కి వెళ్ళలేదనుకుందాం) జూన్ 29కి 90 నిండిపోతాయి. మళ్ళీ అడుగుపెట్టగలిగేది సెప్టెంబర్ 28న. అంటే మీవారు కలలుగన్న వేసవి మొత్తం లెస్టర్‌లోనే. అదే మే, జూన్ పూర్తిగా ఉండి వచ్చేస్తే 61 రోజులు, సెప్టెంబర్‌లో ఇంకో 29 రోజులు ఉండొచ్చు. నన్నడిగితే అదే మేలు, జూలై ఆగస్టుల్లో ఆ ఎండకి ఎలాగూ తలుపులు వేసుకుని కూర్చోవాలి.

వీసా ఉంది కదా అని ఎవరో ఒకరు అంటారు కాబట్టి అదీ చెప్పేస్తా. రెసిదెన్సా ఎలెత్తివా అనే వీసాకి పింఛను, అద్దెలు లాంటి ఆదాయం, అంటే ఉద్యోగం చేయకుండా వచ్చేది, ఒకరికి ఏడాదికి 31,000 యూరోల దాకా చూపించాలి, జంటకైతే ఇంకా ఎక్కువ. అది కాపురం అక్కడికి మార్చేవాళ్ళకోసం పెట్టింది, ఎండాకాలం నాలుగు రోజులు ఎక్కువ ఉండేవాళ్ళకి కాదు. పైగా ఏడాదిలో సగానికి మించి అక్కడే ఉంటే ఇటలీ మీ పన్ను లెక్కలు కూడా తన చేతిలోకి తీసుకుంటుంది, బ్రిటన్‌లో వచ్చే ఆదాయం అంతా అక్కడ చూపించాల్సి వస్తుంది. ఈ విషయం తెలియకుండా వీసా జోలికి వెళ్ళకండి.

రెండో ఇల్లు

ఆ ఉత్తరం గురించి ఒక్క ప్రశ్న అక్కా. ఇల్లు ఇద్దరి పేరు మీదా ఉందా? బావగారు కట్టిన రసీదుల్లో ఉన్నది ఆయన కోదీచె ఫిస్కాలే (ఇటలీ పన్ను నంబరు) ఒక్కటేనా?

అబ్రూజో పిన్ని

అవునండీ, చెరి సగం. ఆయనే మొత్తం కట్టేస్తున్నారు, అన్నిటి మీదా ఆయన నంబరే ఉంది. ఎంతైనా ఒకే ఇల్లు కదా?

రెండో ఇల్లు

అక్కడే దొరికిపోయారు. మాకూ ఇదే జరిగింది, కాకపోతే మాకు మూడేళ్ళవి కలిపి వచ్చాయి. ఇల్లు ఒకటే అయినా ఇమూ మనిషికి వేస్తారు, ఎవరి వాటా వాళ్ళు, వాళ్ళ వాళ్ళ నంబరుతో కట్టాలి. కొమూనే కంప్యూటర్‌కి బావగారు రెట్టింపు కట్టిన మంచి మనిషి, మీరు ఎగ్గొట్టిన మనిషి.

భయపడకండి, కానీ పక్కన పెట్టకండి. ఉత్తరం అందిన రోజు నుంచి 60 రోజులు గడువు. రసీదులన్నీ స్కాన్ చేసి, ఆయన కట్టినదాంట్లో సగం నా వాటా కింద లెక్కేయండి అని కొమూనే పన్నుల విభాగానికి రాయండి. ఒక యజమాని కట్టింది మిగతావాళ్ళకీ చెల్లుతుందని చాలా కొమూనేలు తమ నిబంధనల్లోనే రాసుకున్నాయి, మీ ఊళ్ళో ఉందో లేదో అడగండి. మాకు జవాబు రావడానికి నాలుగు నెలలు పట్టింది, గడువు దాటకుండా ఊళ్ళో ఒక కొమ్మెర్చాలిస్తా (అక్కడి అకౌంటెంటు) చేత రాయించాం కాబట్టి సరిపోయింది. ఇంకా ఉత్తరాలు రాని సంవత్సరాలకి మీ తరఫున బాకీ తేలితే రవ్వెదిమెంతో ఒపెరోసో కింద మీరే ముందుగా వెళ్ళి కట్టేయొచ్చు, జరిమానా బాగా తగ్గుతుంది. వాళ్ళు ఐదేళ్ళు వెనక్కి వెళ్ళి అడగొచ్చు కాబట్టి 2021 తర్వాతవీ వరసలో ఉన్నట్టే అనుకోండి.

ఇమూకి బిల్లు రాదు, మనమే లెక్కేసుకుని జూన్ 16కి ఒక సగం, డిసెంబర్ 16కి ఒక సగం కట్టాలి. లెక్క ఇలా: ఇంటి కాగితాల్లో రెందిత కతస్తాలే అని ఒక అంకె ఉంటుంది, అది 400 యూరోలు అనుకుంటే 1.05తో, తర్వాత 160తో హెచ్చిస్తే 67,200. దానిమీద మీ కొమూనే రేటు, మామూలుగా 0.86 శాతం, చాలాచోట్ల 1.06 దాకా పెంచారు. 1.06 అయితే ఏడాదికి 712 యూరోలు, మీ ఇద్దరికీ చెరి 356. ఇంగ్లండ్ నుంచి బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేసేటప్పుడు వివరాల్లో మీ కోదీచె ఫిస్కాలే, 3918 అనే కోడు, సంవత్సరం, మొదటి వాయిదాకి అక్కోంతో, రెండోదానికి సాల్దో అని రాయండి. చెత్త పన్ను తారి దీనికి వేరు, దానికి మాత్రం కాగితం వాళ్ళే పంపుతారు.

సిసిలీ బాబు

అద్దె సంగతి నేను చెప్తా, రెండు వేసవులు చేసి మానేశా. ముందు స్థానికంగా రిజిస్టర్ చేసి, పర్యాటక శాఖ పోర్టల్లో సీఐఎన్ అనే నంబరు తీసుకోవాలి. ఆ నంబరు ప్రకటనలోనూ ఉండాలి, ఇంటి బయటా కనపడాలి, అసలు నంబరే తీసుకోకపోతే జరిమానా 800 నుంచి 8,000 యూరోల దాకా. గ్యాస్ లీకు, కార్బన్ మోనాక్సైడ్ కనిపెట్టే పరికరాలు, మంటలార్పే సిలిండరు ఇంట్లో పెట్టాలి. వచ్చినవాళ్ళ పాస్‌పోర్ట్ వివరాలు 24 గంటల్లో పోలీసుల సైట్లో ఎక్కించాలి, అది ఎంత చికాకంటే, నేను లీడ్స్‌లో డ్యూటీ మధ్యలో టాయిలెట్‌లో కూర్చుని ఒక జర్మన్ కుటుంబం పుట్టినతేదీలు టైపు చేశా.

పన్ను 21 శాతం కట్టే పద్ధతి ఉంది, చెదొలారె సెక్క అంటారు. బుకింగ్ సైట్ ద్వారా డబ్బు వస్తే వాళ్ళే పట్టుకుంటారు. కానీ అక్కడితో అయిపోలేదు, ఆ అద్దె హెచ్ఎంఆర్‌సీకి (బ్రిటన్ పన్నుల శాఖ) కూడా మీ సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో చూపాలి, ఇటలీలో కట్టింది తగ్గిస్తారు, మీరు 40 శాతం స్లాబులో ఉంటే మిగతాది ఇక్కడ కట్టాలి. ఏడాదికి ఐదారు వారాల అద్దె కోసమైతే నేను వద్దనే అంటా. ఊళ్ళో నమ్మకమైన మేనేజరు దొరికితే ఆలోచించండి.

మార్కే వదిన

తాళం వేసే ముందు నీళ్ళు కట్టేయండి పిన్నీ, మిగతావన్నీ దీని తర్వాతే. మేము ఒక డిసెంబర్‌లో వంటింటి కుళాయిలు కట్టాం, వీధిలో మీటరు దగ్గర వాల్వు మాత్రం మర్చిపోయాం. మార్చిలో తలుపు తోస్తే రాలేదు, లోపల పెచ్చులూడి అడ్డంపడ్డాయి. మెట్ల మీద నాచు. బయట ఇనుప మూత ఎత్తి చూస్తే మీటరులో చిన్న ఎర్ర చక్రం ఇంకా గిరగిరా తిరుగుతూనే ఉంది. ఇన్సూరెన్సు వాళ్ళు కాగితంలో ఒక లైను చూపించారు: ఇల్లు ఖాళీగా ఉన్న రోజులు ఇన్నిటికి మించితే నీటి నష్టం ఇవ్వరట. మీ పాలసీలో ఆ లైను ఇవాళే వెతకండి, భూకంపం కవరవుతుందో లేదో కూడా చూడండి, మీది అబ్రూజో కాబట్టి. 2009లో అక్కడి ల'అక్విలా ఊళ్ళో వచ్చిన భూకంపం సంగతి అందరికీ తెలుసు.

బయటి వాల్వు కట్టాక కుళాయిలన్నీ తెరిచి పైపుల్లో నీళ్ళు వదిలేయండి, బాయిలరు, గీజరు ఖాళీ చేయించండి, టాయిలెట్ ట్యాంకు కూడా. తాళం ఒకటి ఎదురింటావిడకి ఇవ్వండి. మా ఎదురింటి సిన్యోరా నెలకోసారి కిటికీలు తీసి, పోస్టు డబ్బాలో ఏముందో ఫోటో తీసి పంపుతుంది. అది ఎందుకు ముఖ్యమంటే, రిజిస్టర్డ్ ఉత్తరం ఎవరూ తీసుకోకపోయినా పోస్టాఫీసులో కొన్నాళ్ళు ఉంచి అందినట్టే లెక్కేస్తారు. ఆ 60 రోజులు మీరు చూడకుండానే అయిపోవచ్చు.

కరెంటు 3 కిలోవాట్లే ఉంటుంది కదా మీకూ? ఓవెన్, వాషింగ్ మెషిన్ కలిపి వేస్తే పడిపోతుంది. కంపెనీకి చెప్పి 4.5కి పెంచుకోండి, ఎక్కువేం అవదు. ఇంకోటి, నెయ్యి, కరివేపాకు సూట్‌కేసులో వేసుకెళ్ళకండి, బ్రిటన్ నుంచి పాల పదార్థాలు, పచ్చి ఆకులు అలా తీసుకెళ్ళనివ్వరు. నా డబ్బా మిలాన్‌లో చెత్తబుట్టలో పడింది.

అబ్రూజో పిన్ని

అందరికీ చాలా థాంక్స్. మావారికి లెక్కల మావయ్యగారి పోస్టు చదివి వినిపించాను, కాసేపు మాట్లాడలేదు, తర్వాత కాలెండరు తెచ్చుకుని పెన్సిల్‌తో మే, జూన్ గీతలు పెడుతున్నారు. ఉత్తరం అందిన తేదీ చూస్తే ఇంకా 51 రోజులున్నాయి. రేపు రసీదులు స్కాన్ చేస్తా. వదినా, మీటరు దగ్గర వాల్వు ఎక్కడుందో నాకూ తెలియదు, ఆయనకీ తెలియదు.